ఐడబ్ల్యూకాన్ఫిగ్ స్క్రిప్టును ఐడబ్ల్యూకి ఎలియాస్ పెట్టి నడపొచ్చా?

వద్దండీ, ఎలియాస్ (ఒక కమాండ్ పేరు కొడితే వేరే కమాండ్ నడిచేలా పెట్టే మారుపేరు) మాత్రం పెట్టకండి. వైఫై 7 కార్డున్న కొత్త ల్యాప్‌టాప్‌లో, లినక్స్‌లో వైఫై సంగతులు చూసే పాత కమాండ్ ఐడబ్ల్యూకాన్ఫిగ్ ‘నో వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్’ అంటోంది, ఆ పేరుని దాని బదులు వచ్చిన కొత్త కమాండ్ ఐడబ్ల్యూకి తగిలిస్తే పాత స్క్రిప్టు నడుస్తుందా అని అడిగారు. ఇంచుమించు ఇదే పని చేసి నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

ముందు మీ కార్డు సంగతి. ఐడబ్ల్యూకాన్ఫిగ్ కెర్నెల్‌తో (లినక్స్ గుండెకాయతో) మాట్లాడేది వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్ అనే పాత పద్ధతిలో. ఐడబ్ల్యూ వాడేది ఎన్ఎల్80211 అనే కొత్త పద్ధతి. కెర్నెల్‌లో ఒక పొర పాత కాల్స్‌ని కొత్తవాటిలోకి మార్చి ఇస్తూ ఉండబట్టే ఇన్నేళ్లూ రెండూ నడిచాయి. వైఫై 7లో ఒకే కనెక్షన్ ఒకేసారి రెండు మూడు బ్యాండ్ల మీద సాగొచ్చు. పాత పద్ధతిలో ఆ మాట చెప్పే వీలే లేదు. అందుకని 2023లో వచ్చిన 6.3 కెర్నెల్ నుంచి అలాంటి కార్డులకు ఆ దారి మూసేశారు. మీ డ్రైవర్ తప్పేం లేదు. నన్నడిగితే మూసేయడమే మంచిదయింది, కనీసం ఆగిపోయిందని తెలుస్తోంది.

నాకు అలా తెలియలేదు. ఒక చిన్న బోర్డు మీద నా స్క్రిప్టు నిమిషానికోసారి లింక్ క్వాలిటీ చూసి, 40 కంటే తగ్గితే కనెక్షన్ తెంపి మళ్లీ కలిపేది. ఐడబ్ల్యూకాన్ఫిగ్ ‘58/70’ అని ఇచ్చేది. ఐడబ్ల్యూకి మార్చి, అవుట్‌పుట్‌లో ఆ అంకెని వెతికే గ్రెప్ లైన్ సరిచేసి వదిలేశాను. ఇప్పుడు వచ్చేది ‘-52 డీబీఎం’, అంటే సిగ్నల్ బలం నేరుగా, మైనస్ అంకెల్లో. మైనస్ 52 ఎప్పుడైనా 40 కంటే తక్కువే కదా! ఒక్క ఎర్రర్ లేదు, నిమిషం తిరిగేసరికి నెట్ తెగిపోతుంది. రౌటర్‌ని అనుమానించాను, ఛానెల్ మార్చాను, బోర్డుని పక్క గదిలో పెట్టి చూశాను. చివరికి రెండు అవుట్‌పుట్‌లూ పక్కపక్కన పెడితే అర్థమైంది: కెర్నెల్‌లోని ఆ మార్చే పొర -110 నుంచి -40 వరకు ఉండే డీబీఎంకి 110 కలిపి, 70కి ఇంత అని చూపేది. అంటే నా 40 అసలు -70. ఆ ఒక్క అంకె మార్చాను, అంతే, కుదిరింది.

ఇంకో మాట. తన అవుట్‌పుట్‌ని స్క్రిప్టులతో ఏరుకోవద్దని, అది మారొచ్చని ఐడబ్ల్యూ హెల్ప్‌లోనే రాసి ఉంటుంది. మీ సిస్టమ్‌లో కనెక్షన్లు చూసుకునేది నెట్‌వర్క్‌మేనేజర్ అయితే, దాని కమాండ్ ఎన్ఎంసీఎల్ఐని ‘-టి’తో వాడండి, ఆ రూపం స్క్రిప్టుల కోసమే పెట్టింది. వైఫైకి లాగిన్ అయ్యే పని చూసే డబ్ల్యూపీఏ_సప్లికెంట్‌ని పిలిచే లైన్లో ‘-డి వెక్స్ట్’ కనిపిస్తే, ఆ వెక్స్ట్ (వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్‌కి పొట్టి పేరు) బదులు ఎన్ఎల్80211 పెట్టండి. ఐడబ్ల్యూలిస్ట్, ఐడబ్ల్యూగెట్‌ఐడీ కూడా ఆ పాత కుటుంబానివే, వాటినీ వెతకండి.