స్క్రిప్ట్‌ని రస్ట్‌లో తిరగరాస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మీడియం. గుణుపురంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ల్యాబ్‌లోని లైనక్స్ కంప్యూటర్ల వేగం, డిస్క్ వేగం కొలవడానికి బాష్‌లో (లైనక్స్‌కి కమాండ్లు ఇచ్చే షెల్) బెంచ్‌మార్క్ స్క్రిప్ట్ రాశాను. దాన్ని రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాస్తే రెజ్యూమెకి బలమని సీనియర్లు అంటున్నారు. నాన్నగారేమో ఇదంతా కాలక్షేపం, బ్యాంకు పరీక్షలకు చదువుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తిరగరాయమ్మా. కాకపోతే వెంటనే వద్దు. పాత స్క్రిప్ట్ ఎక్కడ తప్పు లెక్క చెబుతోందో ముందు పట్టుకోండి. ఇంటర్వ్యూలో మీకు పనికొచ్చేది అదే.

లైనక్స్‌లో ట్రూ అనే కమాండ్ ఉంది, అది ఏ పనీ చేయదు. మీ స్క్రిప్ట్‌తో దాన్ని ఓ వెయ్యిసార్లు కొలిచి చూడండి. బాష్‌లో అదే పేరుతో దాని సొంత కమాండ్ (బిల్టిన్) కూడా ఉంటుంది కాబట్టి స్లాష్ బిన్ స్లాష్ ట్రూ అని పూర్తి దారి ఇవ్వాలి. ప్రోగ్రాం మొదలై ముగియడానికి పట్టే కాస్త సమయం పోగా, మిగిలిందంతా మీ పనిముట్టు తినేసిందే. మొదట్లో, చివర్లో డేట్ కమాండ్‌తో టైమ్ తీసుకుంటున్నట్లయితే, ప్రతిసారీ షెల్ ఒక కొత్త ప్రాసెస్ (నడిచే ప్రోగ్రాం) పుట్టించి ఆ ప్రోగ్రాంని లోడ్ చేయాలి. పది సెకన్ల పనిని కొలిచేటప్పుడు ఇది లెక్కలోకి రాదు. ఐదు మిల్లీసెకన్ల పనిని కొలిస్తే మాత్రం అంకె పాడవుతుంది.

దీనికి తిరగరాయక్కర్లేదు కూడా. బాష్ 5.0 నుంచి ఎపాక్‌రియల్‌టైమ్ అనే వేరియబుల్ ఉంది, కొత్త ప్రాసెస్ లేకుండానే మైక్రోసెకన్లలో సమయం ఇస్తుంది. కానీ అది గోడ గడియారం సమయం. మధ్యలో ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా టైమ్ సరిచూసే పద్ధతి) గడియారాన్ని సరిచేస్తే మీ కొలత ముందుకో వెనక్కో జరిగిపోతుంది. వెనక్కి వెళ్లని మోనోటోనిక్ గడియారం కావాలి, అది సీ, గో, రస్ట్ భాషల్లో తేలిగ్గా దొరుకుతుంది. తిరగరాయడానికి అసలు కారణం ఇది. "పది రెట్లు వేగం" అని మాత్రం రెజ్యూమెలో రాయకండి. మీరు కొలిచే ప్రోగ్రాం వేగం మీ స్క్రిప్ట్ భాష మార్చినంత మాత్రాన మారదు.

డిస్క్ కొలత దగ్గర ఇంకో గొయ్యి ఉంది. డీడీ అనే కమాండ్‌తో ఒక జీబీ ఫైలు రాయించి, మామూలు హార్డ్ డిస్క్‌కి సెకనుకి ఒకటిన్నర జీబీ అని చూపిస్తుంటే నమ్మకండి. అది ర్యామ్ వేగం. డేటా ఇంకా డిస్క్‌ని చేరనే లేదు. డేటా డిస్క్‌ని చేరేదాకా ఆగే ఎఫ్‌డేటాసింక్ ఆప్షన్ పెడితే అసలు అంకె బయటపడుతుంది, హార్డ్ డిస్కులకు సాధారణంగా 100 నుంచి 200 ఎంబీ మధ్య ఉంటుంది. ఈ తప్పును సరిచేయకుండా రస్ట్‌లోకి మారిస్తే రస్ట్‌లోనూ అదే అబద్ధం వస్తుంది.

ఇక భాష. రస్ట్ మంచిదే, కానీ దాని ఓనర్‌షిప్ నియమాలు (మెమరీలోని డేటా ఎవరి అధీనంలో ఉందో చెప్పేవి) ఒంటబట్టడానికి టైమ్ పడుతుంది. క్యాంపస్ టెస్టులు దగ్గర పడుతున్న మీకు గో చాలు. వెర్షన్ 1.9 నుంచి దాని టైమ్ ప్యాకేజీ మోనోటోనిక్ లెక్కను తనంతట తానే చూసుకుంటుంది. ఒకే బైనరీ ఫైలు వస్తుంది, ల్యాబ్‌లో ఏ మెషీన్ మీదకైనా కాపీ చేసుకోవచ్చు. తర్వాత హైపర్‌ఫైన్ కోడ్ చదవండి. రస్ట్‌లో రాసిన ఓపెన్ సోర్స్ బెంచ్‌మార్క్ పనిముట్టు అది. షెల్ మొదలవడానికి పట్టే సమయాన్ని విడిగా కొలిచి తీసేస్తుంది. మీ అంకెల్ని దాని అంకెలతో పోల్చి, తేడా ఎందుకొచ్చిందో అరపేజీ ఇంగ్లీషులో రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. ఇంగ్లీషు గురించి టెన్షన్ వద్దు. చిన్న చిన్న వాక్యాలు చాలు. ల్యాప్‌టాప్ చార్జర్ మీద ఉందా, బ్యాటరీ మీద ఉందా అన్నదీ రాయండి, అంకెలు మారేది చాలాసార్లు అక్కడే.

నాన్నగారి మాటనూ కొట్టిపారేయకండి. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ స్పెషలిస్ట్ ఆఫీసర్ పోస్టుల్లో ఐటీ ఆఫీసర్ ఉంది. కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లకి ఆ అవకాశం ఉంది, ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రశ్నలూ వస్తాయి. ప్రాసెస్ ఎలా పుడుతుందో ఈ ప్రాజెక్టులో చేత్తో చేసి చూస్తే ఆ చాప్టర్ సగం వచ్చేసినట్టే. క్లర్క్ పోస్టులకైతే రాష్ట్ర భాష రావాలి, మీరు ఒడియాలోనే చదువుకున్నారు. వారంలో రెండు సాయంత్రాలు ప్రాజెక్టుకి ఉంచుకుని, మిగతావి పరీక్షలకి ఇస్తానని ఇంట్లో చెప్పి చూడండి.