సీట్లన్నీ నిండినా నష్టమెందుకు?

ప్రశ్న: అయ్యా, రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత ఇండిగో షేర్లలో పెట్టాను. 2025 జులై–సెప్టెంబరులో ఆదాయం పెరిగిందన్నారు, నష్టం చూస్తే రెండున్నర వేల కోట్లు దాటింది. నేనెక్కిన విమానంలో ఏనాడూ సీటు ఖాళీ లేదు. రిపోర్టు తెరిస్తే ఏఎస్‌కే, ఆర్‌పీకే, కాస్క్ అని ఏవేవో ఉన్నాయి. ముందు ఏది చూడాలి?
– ఒక రిటైర్డ్ లెక్చరర్, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: మాస్టారూ, సీటు నిండడం వేరు, ఆ సీటు మీద డబ్బు మిగలడం వేరు. టికెట్ చవగ్గా ఇస్తే ఏ విమానమైనా నిండుతుంది.

మన విశాఖ–హైదరాబాదే తీసుకోండి. దూరం 500 కిలోమీటర్లు, సీట్లు 180 అనుకుందాం. రెండూ గుణిస్తే 90,000 సీటు-కిలోమీటర్లు. అది ఏఎస్‌కే, కంపెనీ అమ్మకానికి పెట్టిన సరుకు. 150 మంది ఎక్కితే 75,000. అది ఆర్‌పీకే, అమ్ముడైన సరుకు. లోడ్ ఫ్యాక్టర్, అంటే సరుకులో అమ్ముడైన వాటా, 83 శాతం పైనే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తలా 3,000 చొప్పున వచ్చింది 4,50,000 రూపాయలు. దాన్ని 90,000తో భాగిస్తే రాస్క్, అంటే సీటు-కిలోమీటరుకు రాబడి, 5 రూపాయలు. ఖర్చు 4,68,000 అయ్యిందా, అలాగే భాగిస్తే కాస్క్, అంటే సీటు-కిలోమీటరుకు ఖర్చు, 5 రూపాయల 20 పైసలు. విమానం కళకళలాడుతూ వెళ్లింది, ట్రిప్పుకు 18,000 పోయింది.

అందుకే ముందు రాస్క్, కాస్క్ పక్కపక్కన రాసుకోండి. పోర్టు అకౌంట్స్‌లో ఉన్నన్నాళ్లూ నేను ఏ లెక్కయినా యూనిట్‌కి ఎంత అన్న దగ్గరే మొదలుపెట్టేవాణ్ణి.

ఇక మీ షేరు సంగతి. ఆ మూడు నెలల నష్టం 2,582 కోట్లు. రూపాయి మారకం ప్రభావం తీసేస్తే 104 కోట్ల లాభమని కంపెనీ ఫలితాల్లోనే ఉంది. విమానాల్లో చాలావరకు లీజువి, అద్దె డాలర్లలో. 2019 ఏప్రిల్‌లో ఇండ్ ఏఎస్ 116 అనే లీజుల అకౌంటింగ్ నియమం వచ్చాక రాబోయే ఏళ్ల అద్దెను కూడా అప్పుగా చూపాల్సి వస్తోంది. రూపాయి పడితే ఆ అప్పు మొత్తాన్నీ కొత్త రేటుకు లెక్కగడతారు. ఇంకా కట్టని అద్దె మీద తేడా కూడా ఈ మూడు నెలల ఖాతాలోనే పడుతుంది. అలాగని ‘అదంతా కాగితం మీది నష్టమే’ అని ఎవరైనా అంటే నమ్మేయకండి. రూపాయి కోలుకోకపోతే రేపు ఆ అద్దె ఎక్కువ రూపాయలు పోసి కట్టాల్సిందే.

ఇంధనం, మారకం తీసేసిన కాస్క్ కూడా ఇస్తారు, దాని మీద కన్నేసి ఉంచండి. యాజమాన్యం పనితనం బయటపడేది అక్కడే. దాన్ని నిరుడు ఇదే మూడు నెలలతో పోల్చండి, మొన్నటి త్రైమాసికంతో కాదు. వానాకాలం ఎలాగూ గిరాకీ తక్కువ. 2024లోనూ ఈ నెలల్లో 987 కోట్ల నష్టమే.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే ప్రయాణికుల నెలవారీ నివేదిక వాళ్ల సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అంకెలతో మాత్రం దాన్ని కలపకండి. విశాఖలో ఎక్కి హైదరాబాదులో దిగిన మనిషి డీజీసీఏకి ఒక్కడే. ఎయిర్‌పోర్టుల లెక్కలో ఎక్కినచోట ఒకసారి, దిగినచోట ఒకసారి వస్తాడు. 2024లో దేశీయ ప్రయాణికులు డీజీసీఏ లెక్కన 16 కోట్ల పైచిలుకు. ఎయిర్‌పోర్టుల మొత్తం దానికి దాదాపు రెట్టింపు కనబడితే కంగారు పడకండి.