ఏటీఆర్ రేటింగా, ఎయిర్‌బస్ రేటింగా?

పైలట్ ఉద్యోగం కోసం మీ అబ్బాయి టైప్ రేటింగ్ (ఒక్కో రకం విమానం నడపడానికి విడిగా తెచ్చుకోవాల్సిన అర్హత) ఏటీఆర్‌కి (చిన్న ప్రొపెల్లర్ విమానం) చేయాలా, ఎయిర్‌బస్‌కి (పెద్ద జెట్ విమానం) చేయాలా, దానికోసం కొబ్బరితోట అమ్మాలా అని అడిగారు. ఆర్డర్ ఇచ్చిన విమానాల్ని చేతికొచ్చిన విమానాలుగా లెక్కేయడం వల్లే మీ అబ్బాయికి ఈ టెన్షన్ అండి. ఇండిగో 2023లో 500 ఎయిర్‌బస్‌లు ఆర్డర్ చేసిన మాట నిజమే. కానీ అవి ఏళ్ల తరబడి విడతలుగా వస్తాయి. "రాజమండ్రి వైపు ఏటీఆర్‌లు పెరుగుతాయట" అని పైలట్లు అనుకోవడం వాళ్ల అంచనా మాత్రమే. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడిలో రన్‌వే పొడిగించాక అక్కడ ఎయిర్‌బస్‌లు కూడా దిగుతున్నాయి. మన ఊరి విమానాశ్రయాన్ని చూసి రేటింగ్ ఎంచుకోవద్దు.

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతిలో ఉందన్నారు కాబట్టి:

1. రేటింగ్‌కి ఇప్పుడే డబ్బు కట్టకండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ముందు విమాన సంస్థ నియామక ప్రకటన పూర్తిగా చదవాలి. రేటింగ్ ఉన్నవాళ్లనే పిలుస్తున్నారా, లేనివాళ్లను తీసుకుని వాళ్లే శిక్షణ ఇస్తారా? ఖర్చు ఎవరిది, బాండ్ (మానేయకుండా పనిచేయాలన్న ఒప్పందం) ఎన్నేళ్లు? ఏటీఆర్ రేటింగ్‌తో ఎయిర్‌బస్ నడపనివ్వరు. మళ్లీ కొత్త రేటింగ్, మళ్లీ లక్షలు. పైగా రేటింగ్ చేసి ఉద్యోగం లేకుండా కూర్చుంటే దాని గడువు కూడా దాటిపోతుంది.

3. ఈలోగా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత), క్లాస్ 1 మెడికల్ (పైలట్ల ఆరోగ్య ధ్రువపత్రం) గడువు దాటకుండా చూసుకోమనండి. పిలుపు వచ్చినప్పుడు ఇవి లేకపోతే అవకాశం పోతుంది.

4. రెండు రకాల విమానాల ఉద్యోగాలకీ దరఖాస్తు పెట్టించండి. ముందు ఏటీఆర్ వస్తే వెళ్లమనండి, అక్కడ ఎగిరిన గంటలు లాగ్‌బుక్‌లో (పైలట్ ఎగిరిన గంటలు రాసే పుస్తకం) ఉంటాయి.

కొబ్బరితోట అమ్మే ఆలోచన మాత్రం ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా దయచేసి పెట్టుకోకండి.