గాస్కెట్ వాసన దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ, ఆశీస్సులు.

రామెన్ మీద, అదే జపాన్‌వాళ్ల సూప్ నూడుల్స్ మీద, నువ్వు రాసిన వ్యాసం చేరింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను కాబట్టి కాస్త గుచ్చుకునే మాటలుంటాయి, ఏమీ అనుకోకు.

మొదటి పేజీలో ‘అద్భుతం’ ఆరుసార్లు వచ్చింది. జపాన్‌లోని ఫుకువోకా నగరంలో తిన్న మొదటి గిన్నె అద్భుతం, అందులో సూప్ అద్భుతం, పైన సగానికి కోసిపెట్టిన గుడ్డు అద్భుతం. ఇన్ని అద్భుతాల మధ్య నాకు ఒక్క చెంచా కూడా నోట్లోకి వెళ్లలేదు. నాలుగో పేజీ చివర మాత్రం ఒక వాక్యముంది: ‘కుక్కర్ గాస్కెట్‌కి కోడికాళ్ల వాసన పట్టేసింది. మూడు రోజులు అమ్మ వండిన పప్పు కూడా అదే వాసన.’ నీ వ్యాసం అక్కడ మొదలవుతోంది. అంతకుముందు రాసిందంతా గొంతు సవరించుకోవడమే.

ప్రేమలో పడ్డానని నువ్వు చెప్పనక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే చికెన్ కొట్టుకి వెళ్లి, ఎవరూ కొనని కాళ్లూ మెడలూ వీపు ఎముకలూ రెండు కిలోలు అడిగి తెచ్చుకున్న మనిషి సంగతి పాఠకుడికి తెలిసిపోతుంది. ‘కుక్కకా అమ్మా?’ అని కొట్టతను అడిగాడని ఫోన్లో నవ్వుతూ చెప్పావు. అది వ్యాసంలో ఎందుకు లేదు?

‘నూడుల్స్ కూడా ఇంట్లోనే చేశాను’ అని ఒక్క ముక్కలో దాటేశావు. అసలు కథంతా అక్కడే ఉంది తల్లీ! నీ వ్యాసం పుణ్యమా అని నేనూ చేసి చూశాను. జపాన్‌వాళ్లు పిండిలో కలిపే క్షారం పేరు కన్సుయి. అది మన ఊళ్లో దొరక్క వంటసోడాను పళ్లెంలో పరిచి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాను. చూడ్డానికి అదే తెల్లపొడి, కానీ ఘాటు సోడాగా మారిపోయింది, చేత్తో ముట్టుకోకూడదు. 100 గ్రాముల మైదాకు అది ఒక గ్రాము, నీళ్లలో కలిపి పోశాను. ఆ నీళ్లు పడగానే మైదా లేత పసుపురంగు తిరిగింది. నేను చిటికెడు పసుపైనా వేయలేదు! ఆ క్షణం నీ వంటింట్లోనూ వచ్చే ఉంటుంది. ఎలా రాయకుండా ఉండగలిగావు?

తర్వాత నేను దెబ్బతిన్నాను. ఆ 100 గ్రాములకు 40 మిల్లీలీటర్ల నీళ్లు చాలు, పిండి ఉప్మారవ్వలా పొడిపొడిగానే ఉండాలి. చపాతీపిండి అలవాటున్న చెయ్యి ఊరుకుంటుందా, ఇంకో రెండు చెంచాలు పోసేశాను. గిన్నెలోకి చేరేసరికి నూడుల్స్ కాస్తా గంజి అయ్యాయి. మా ఆవిడ మర్యాదగా గుడ్డు మాత్రం తిని లేచింది. రెండోసారి పొడిపిండినే ప్లాస్టిక్ కవర్లో చుట్టి, తువ్వాలు కప్పి, కాళ్లతో తొక్కాను. అరవై దాటిన మనిషి గోడ పట్టుకుని మైదా తొక్కుతుంటే ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో. నీ వ్యాసంలో చెడిపోయిన గిన్నె ఒక్కటీ లేదు. అన్నీ మొదటిసారికే కుదిరాయంటే ఎవరూ నమ్మరు, నేనైతే నమ్మను.

ఒక తప్పు మాత్రం వెంటనే దిద్దుకో. ‘వేల ఏళ్ల జపాన్ సంప్రదాయం’ అన్నావు. కాదు. రామెన్ చైనా నూడుల్స్ నుంచి వచ్చింది. 1910లో టోక్యో అసకుసాలో తెరిచిన రైరైకెన్ హోటల్లో వండినవాళ్లు యోకొహామా చైనాటౌన్ నుంచి వచ్చిన వంటవాళ్లే. సప్పొరో నగరపు మిసో రామెన్ (మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద) అయితే రెండో ప్రపంచయుద్ధం తర్వాత పుట్టింది. వయసు తక్కువైనంత మాత్రాన రుచి తగ్గదు కదా.

మిగతా చరిత్రలో మొమొఫుకు ఆండో ఒక్కడిని ఉంచు, మిగిలింది కొట్టెయ్. ఒసాకా దగ్గర ఇకెదాలో ఇంటి వెనక చిన్న షెడ్డు వేసుకుని, నూడుల్స్‌ని నూనెలో వేయించి తేమ లాగేసే పద్ధతి కనిపెట్టి, 1958లో ప్యాకెట్ నూడుల్స్ అమ్మకానికి తెచ్చాడాయన. మన పిల్లలు రెండు నిమిషాల్లో వండుకునే ప్యాకెట్‌కి మూలం అదే. దాని పక్కనే నీ ఆదివారమంతా పట్టిన గిన్నె పెట్టు. ఇంకేం చెప్పకు.

పోలికల సంగతి. ‘మన చారులాంటిదే’ అన్నావు. ఒప్పుకోను. పోల్చితే పాయాతో పోల్చు. పెదాలు అతుక్కునే ఆ జిగట రెండింటిలోనూ ఒకటే, ఎముకల్లోంచి దిగిందే. తేడా కూడా చెప్పు: పాయా సన్నసెగ మీద ఉడుకుతుంది. నువ్వు ఫుకువోకాలో తిన్న హకతా టోన్‌కొత్సును, అంటే అక్కడి హకతా పేటవాళ్ల పంది ఎముకల సూప్‌ను, గంటల తరబడి కళపెళా కాగనిస్తారు, కొవ్వు నీళ్లలో కలిసిపోయి పాలలా తెల్లబడేదాకా. నీ కోడి సూప్ కుక్కర్లో ఎందుకు తెల్లబడలేదో, మూత తీసి మళ్లీ మరిగించాక ఎందుకు తెల్లబడిందో పాఠకుడికి అప్పుడు అర్థమవుతుంది.

జపాన్ మాటలు పద్నాలుగు వాడావు. రెండు చాలు. ఒకటి తారే, సూప్‌కి రుచినిచ్చే గాఢమైన రసం. ఉప్పంతా అందులోనే ఉంటుంది, ముందు గిన్నె అడుగున అది పోసి ఆపైన సూప్ పోస్తారు. మన దగ్గర దానికి మాట లేదు కాబట్టి ఉంచు. రెండోది కాయెదమా. హకతా నూడుల్స్ సన్నవి, ఇట్టే మెత్తబడతాయి. అందుకే కొంచెమే వేస్తారు, అయిపోతే మారు నూడుల్స్ అడగాలి. నువ్వు మొదటిసారి ఆ మాట తప్పు పలికితే కౌంటర్ వెనకాయన నవ్వకుండా వేశాడన్నావు. ఆ ముసలాయన చెయ్యి ఎలా కదిలిందో నాకు కనిపించాలి.

తిరగరాసి పంపు. తొందరేం లేదు.

అన్నట్టు ఆ గాస్కెట్ మార్చారా, మీ అమ్మ ఇంకా దాంతోనే పప్పు వండుతోందా? అది నువ్వు రాయలేదు.

— మీ మాస్టారు