మాల తీసే రోజు లేని దీక్ష

అడిగిన ప్రశ్న: "మా తమ్ముడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఎనిమిది నెలలుగా ప్రతి శని, ఆదివారం ఏదో వ్యక్తిత్వ వికాసం కోర్సుకు పోతున్నాడు. పర్సనల్ లోన్ కూడా తీశాడు. ఫోన్ చేస్తే మమ్మల్నీ చేరమంటాడు. నాన్న గట్టిగా గొడవ పడ్డాక మాట్లాడటమే మానేశాడు. అంత చదువుకున్నవాడు ఎలా నమ్మాడో అర్థం కావడం లేదు. ఇది కల్టేనా, అంటే మనిషిని గుప్పిట్లో పెట్టుకునే గుంపేనా? బయటికి ఎలా లాగాలి?"

లాగకండి. నన్ను లాగబోయిన ప్రతివాళ్ళూ ఇంకాస్త లోపలికే నెట్టారు కాబట్టి ఈ మాట ముందు చెప్తున్నాను. మిగతాది తీరిగ్గా చదవండి, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

మాది ప్రొద్దుటూరు. బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేసుకునేవాణ్ణి. ఇలాంటి ఒక బృందంలో 2018 జూన్‌లో చేరాను, 2019 నవంబరులో బయటపడ్డాను. పేరు చెప్పను. చెప్పినా మీకు పనికిరాదు, నేను ఉండగానే రెండుసార్లు బోర్డు మార్చారు.

ఆ ఏడు నాకు ప్రమోషన్ రాలేదు. అక్క పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు. మా టీమ్ లీడ్ చిత్తూరు వైపు మనిషి, నన్ను సొంత తమ్ముడిలా చూసేవాడు. "ఒక్క సాయంత్రం రా, ఫ్రీ. భోజనం కూడా అక్కడే" అన్నాడు. మెస్సులో రోజూ అదే టమోటా పప్పు తిని విసిగిపోయి ఉన్నాను. నిజం చెప్పాలంటే భోజనానికే వెళ్ళాను.

అక్కడ ఓ యాభై ప్రశ్నల కాగితం నింపించారు. వారం తర్వాత నా 'ప్రొఫైల్' చేతికిచ్చారు. పైకి గట్టిగా కనిపిస్తాను కానీ లోపల భయస్తుణ్ణని, తీసుకున్న నిర్ణయాలు సరైనవో కాదో అని మథనపడతానని, నాలో ఉన్న శక్తిని ఇంకా వాడుకోలేదని. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. వీళ్ళకెలా తెలిసింది? పీజీలో పక్క మంచం ఖమ్మం అబ్బాయికి చూపిస్తే, "ఇది నాక్కూడా సరిపోతుంది కదా అన్నా" అన్నాడు. పాపం వీడికి లోతు లేదు అనుకున్నాను.

బయటికొచ్చాక చదివాను. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజిస్టు తన క్లాసులో 39 మందికి ఇలాగే పరీక్ష పెట్టి, వారం తర్వాత తలా ఒక కాగితం ఇచ్చి, నీకెంత సరిపోయిందో 5కి మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. వాక్యాలు చాలావరకు జాతకాల పుస్తకంలోంచి ఏరినవి. ఖమ్మం అబ్బాయికి ఈ సంగతి చెప్పి క్షమాపణ అడిగాను, వాడికి అసలా రోజే గుర్తులేదు.

అసలు కోర్సు మూడు రోజులు, ఊరి బయట ఒక హోటల్ హాల్లో. ఫోన్లు కవర్లో పెట్టి ఇచ్చేయాలి. ఏసీ వణికించేంత పెట్టేవారు. మధ్యాహ్న భోజనం నాలుగింటికి. బాత్రూముకు పోవాలన్నా చెయ్యెత్తి, "ఇప్పుడే ఎందుకు? దేన్నుంచి పారిపోతున్నావు?" అన్న ప్రశ్నకు నూట ఇరవై మంది ముందు జవాబు చెప్పి పోవాలి. రాత్రి పదకొండున్నరకు వదిలి, ఇంటికెళ్ళి రాయమని హోంవర్కు. ఇదేదో మనవాళ్ళు కనిపెట్టిన పద్ధతి అనుకున్నాను. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెర్నర్ ఎర్హార్డ్ అనే ఆయన 'ఎస్ట్' పేరుతో మొదలుపెట్టిన శిక్షణ కూడా ఇలాగే హోటల్ హాళ్ళలో, రెండు శని, ఆదివారాలు కలిపి అరవై గంటలు నడిచేదట, బాత్రూము ఆంక్షలతో సహా. అంతకుముందు ఆయన ఇల్లిల్లూ తిరిగి ఎన్‌సైక్లోపీడియాలు అమ్మేవాళ్ళకు శిక్షణ ఇచ్చేవాడు. ఎన్ని చోట్ల ఎన్ని పేర్లు మారినా ఆ హాలు మాత్రం మారలేదు.

ఇక మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఆ మూడు రోజుల్లో నాకు మేలు కూడా జరిగింది. రెండో రాత్రి అందరి ముందూ ఏడ్చాను. తర్వాత నాయనకు ఫోన్ చేసి, ఇంజనీరింగ్‌లో ఆయన్ను అన్న మాటలకు క్షమించమన్నాను. ఆయన, "ఏమైందిరా, ఒంట్లో బాగుందా?" అని కంగారు పడ్డాడు. ఫోన్ పెట్టేశాక వారం రోజులు గాల్లో నడిచినట్టుంది. నలుగురిలో నోరు విప్పడం నేర్చుకున్నదీ అక్కడే, ఇప్పటికీ ఆఫీసులో అది నాకు పనికొస్తోంది. మీ తమ్ముడికీ అలాంటిదేదో దొరికి ఉంటుంది. "నీకేం ఒరిగింది అక్కడ?" అని ఇంట్లో ఎవరైనా అంటే, ఒరిగినవాడికి అది అబద్ధంగా వినిపిస్తుంది. ఆ తర్వాత మీరు చెప్పే నిజాలూ వాడి చెవికెక్కవు.

చదువు సంగతి అడిగారు కాబట్టి. 1995 మార్చి 20న టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు వదిలిన ఓమ్ షిన్రిక్యో 1984లో చిన్న యోగా క్లాసుగా మొదలైంది. ఆ పొద్దున విషం సంచులతో రైలెక్కిన ఐదుగురిలో ఒకడు గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు, మిగతావాళ్ళూ సైన్సు, ఇంజనీరింగ్ చదివినవాళ్ళే. మీ తమ్ముడు వెళ్ళే చోటు అలాంటిదని నేననడం లేదు. చదువు అడ్డుగోడ అవుతుందన్న నమ్మకం మాత్రం వదిలేయండి. మాలాంటి వాళ్ళకు వాదన అల్లడం బాగా వచ్చు, చేసేసిన పనికి కారణాలు కట్టుకోవడానికి అదే అక్కరకొస్తుంది.

కల్టేనా అంటే, నాకు తెలిసిన కొలత ఒకటే. మా నాయన ఏటా అయ్యప్ప మాల వేసేవాడు. చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం, నల్లబట్టలు, గురుస్వామి మాటకు ఎదురు లేదు, ఒకరినొకరు పేరు పెట్టి పిలవకుండా "స్వామీ" అనడం. బయటివాడు చూస్తే ఇదీ అలాగే కనిపిస్తుంది. కానీ మండలం 41 రోజులు, కొండకు పోయి వస్తాడు, మాల తీస్తాడు, మర్నాడు కొట్టు తెరుస్తాడు. వచ్చే ఏడు వేయకపోతే గురుస్వామి ఫోన్ చేసి "దేన్నుంచి పారిపోతున్నావు" అని అడగడు. మా దాంట్లో మాల తీసే రోజే లేదు. 6,500 కోర్సు అయితే 32,000 కోర్సు, అదయితే 1,20,000 'లీడర్‌షిప్', అదీ అయ్యాక జీతం లేని వాలంటీరు పని. తొమ్మిది నెలలకు నేను లక్షా అరవై వేల దగ్గర ఉన్నాను, సగం లోనే.

ఆ హాల్లో అన్నిటికీ ఒకే మాట, 'వాల్', అంటే నీకు నువ్వే కట్టుకున్న అడ్డుగోడ. డబ్బు లేదంటే అది నీ వాల్. అమ్మ బాధపడుతోందంటే అది అమ్మ వాల్. ఆఫీసులో పని ఉందంటే వాల్. ఆ మాట నోటికి అలవాటయ్యాక ఇంక ఆలోచించే పని ఉండదు. నాయన పేపరు కటింగులు పోస్టులో పంపితే తెరవకుండానే "నాయన వాల్" అనుకున్నాను. ఒక పెళ్ళిలో బావ అందరి ముందూ "ఏం స్వామీజీ, ఆశీర్వదించు" అని నవ్వాడు. హాల్లో ముందే చెప్పి ఉన్నారు, నీ వాళ్ళు నవ్వుతారు అని. చెప్పినట్టే జరిగింది కదా అని నా నమ్మకం రెట్టింపయింది.

నమ్మకం పోయిన తీరు చెప్తాను. 2019 ఆగస్టులో డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి ఆస్పత్రిలో ఉంటే మా కోచ్ ఫోన్ చేశాడు. ఎలా ఉన్నావని అడుగుతాడనుకున్నా. "ఈ జ్వరం నువ్వే సృష్టించుకున్నావు, శనివారం సెషన్ తప్పించుకోవడానికి. ఒప్పుకుంటావా?" అన్నాడు. నేను ఒప్పుకున్నాను! అంత జ్వరంలో "ఒప్పుకుంటున్నా" అన్నాను. పక్కన సెలైన్ మారుస్తున్న మలయాళీ నర్సు నా మొహంలోకి చూసింది, నేనేదో పోలీసులతో మాట్లాడుతున్నాననుకుందేమో. అమ్మ రాత్రి బస్సుకు వచ్చింది. పీజీకి వచ్చాక మెస్సు ఆంటీ గంజి పంపేది. పన్నెండు రోజులు తిన్నాను, నిద్రపోయాను. ఏడాదిలో అన్ని గంటలు నిద్రపోయింది అప్పుడే. పదమూడో రోజు ఫోన్‌లో "వాల్" అన్న మాట వినబడితే ఏ అర్థమూ తట్టలేదు. ఎదురుగా సున్నం గోడ కనబడింది, అంతే.

అయినా ఇంకో మూడు నెలలు అక్కడే ఉన్నాను. మీకు అసలు చెప్పాలనుకున్నది ఇదే.

వాలంటీర్‌గా నేను నలుగుర్ని చేర్పించాను. అందులో ఒకడు మా బాబాయి కొడుకు, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాలేదు, నా మాట మీద 32,000 కట్టాడు. ఇప్పుడు నేను మానేస్తే వాడికేం చెప్పాలి? నాయనకు మొహం ఎలా చూపించాలి? బావ నవ్వుకు ఏం జవాబు? నమ్మకం జ్వరంతో పాటే దిగిపోయింది, మొహం చెల్లకే ఆ మూడు నెలలూ ఉండిపోయాను. నవంబరులో ఒక ఆదివారం సెషన్ విరామంలో మా వాడూ నేనూ రోడ్డు అవతల దర్శిని హోటల్లో బై టూ కాఫీ తీసుకుని నిలబడ్డాం. వాడు గ్లాసులోకి చూస్తూ, "అన్నా, నేను మానేద్దామనుకుంటున్నా. రెణ్ణెల్లుగా అనుకుంటున్నా. నువ్వేమనుకుంటావో అని ఆగినా" అన్నాడు.

నా కోసం వాడు, వాడి కోసం నేను. కాఫీ తాగి మళ్ళీ లోపలికి పోలేదు. బ్యాగులు అక్కడే ఉండిపోయాయి, నా బ్యాగులో కొత్త టిఫిన్ బాక్సు కూడా.

అందుకే చెప్తున్నాను, మీ తమ్ముడు తప్పు ఒప్పుకోనవసరం లేకుండా ఇంటికి వచ్చే దారి ఒకటి ఉంచండి. మా ఇంట్లో ఆ పని అక్క చేసింది. బుధవారం రాత్రి ఫోన్ చేసేది, శని ఆదివారాలు నేను దొరకనని తెలుసు కాబట్టి. కోర్సు ఊసే ఎత్తేది కాదు. పిల్లవాడు బడిలో ఎవణ్ణి కొరికాడో, ఈసారి ఊరగాయకు కారం ఎందుకు తగ్గిందో, అవే కబుర్లు. నేను చేరమని అంటే, "నాకు కుదరదు లేరా, ఇంతకీ తిన్నావా?" అనేది. లోన్‌కు గ్యారంటీ సంతకం అడిగినప్పుడు మాత్రం నిక్కచ్చిగా, "సంతకం పెట్టను. బియ్యం కావాలంటే బస్సులో వేస్తా" అంది. కోపం వచ్చింది కానీ ఫోన్ ఎత్తడం మానలేదు.

మీరూ డబ్బు దగ్గర అంతే గట్టిగా ఉండండి. ఈఎంఐ రహస్యంగా కట్టేయకండి, వాడు తర్వాతి కోర్సుకు ఇంకో లోన్ తీస్తాడు. కల్ట్ అన్న మాట, యూట్యూబు వీడియోలు, మతం మాటలు వద్దు. ఎప్పుడైనా వాడే కోర్సు సంగతి ఎత్తితే, "ఇది ఎప్పటికి పూర్తవుతుందిరా?" అని మామూలుగా అడగండి, జవాబు కోసం పట్టుబట్టకండి. నన్ను ఒకరు అడిగారు, అప్పుడు నవ్వేశాను కానీ ఆ రాత్రి వేళ్ళు మడిచి లెక్కపెట్టాను.

ఇంకొకటి కనుక్కోగలిగితే కనుక్కోండి: రహస్యాలేమైనా రాసిచ్చాడా, వీడియో తీశారా అని. అమెరికాలో నెక్సియం అనే సంస్థ కూడా పైకి వ్యక్తిత్వ వికాసం కోర్సులే నడిపింది. దాని లోపలి గుంపు 'కొలేటరల్' పేరుతో సభ్యుల గుట్టు రాయించుకుని, ఫోటోలు తీసుకుని వాటితోనే కట్టేసింది. దాన్ని నడిపిన కీత్ రనీరీకి 2020లో కోర్టు 120 ఏళ్ళ శిక్ష వేసింది. అలాంటిదేదైనా ఉందని వాడు చెప్తే తిట్టకండి, వాణ్ణి వెంటబెట్టుకుని లాయరు దగ్గరికి వెళ్ళండి. అదేమీ లేకుండా పోలీసుల దగ్గరికి పరుగెత్తినా లాభం తక్కువ. మేజరు మనిషి, "నా ఇష్టంతోనే ఉన్నాను" అంటే స్టేషన్లో చేసేదేమీ ఉండదు, వాడు మాత్రం మీకు శాశ్వతంగా దూరమవుతాడు.

ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. రోజుల తరబడి నిద్ర లేకుండా ఏవో వినిపిస్తున్నాయంటున్నా, వేసుకునే మందులు మానేసినా, చావు గురించి మాట్లాడినా మొహమాటం పక్కన పెట్టండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు. బెంగళూరులోనే హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక వైద్య ఆస్పత్రి ఉంది. నేను బయటికి వచ్చాక అక్కడ నాలుగుసార్లు కూర్చున్నాను, ఓపీ లైను పొడుగే కానీ నన్ను ఎవరూ వెర్రివాడిలా చూడలేదు.

మీ నాన్నగారి సంగతి. కోర్సు గురించి వాదించనని ఆయన చేత ఒప్పించగలిగితే సగం పని అయినట్టే. క్షమాపణ అడగక్కర్లేదు, "పండక్కి రా" అంటే చాలు. సంక్రాంతికి రైలు టికెట్ మీరే తీసి వాట్సాప్‌లో పెట్టండి, కింద ఏమీ రాయకండి. ఆ వారం వాళ్ళు తప్పకుండా ఏదో సెషన్ పెడతారు, మొదటిసారి రాకపోవచ్చు. రాకపోతే క్యాన్సిల్ చేసి ఉగాదికి ఇంకోటి తీయండి.