లేట్ అంటే ఆలస్యం ఒక్కటేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ‘లేట్’ అనే చిన్న ఇంగ్లీషు విశేషణం గురించే. పెళ్లి కార్డు నుంచి టొమాటో తెగులు దాకా ఉన్నాయి కాబట్టి ఈ శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: నాన్నగారు లేరు. చెల్లి శుభలేఖలో ఇంగ్లీషు వైపు ‘లేట్ శ్రీ ఫలానా అండ్ శ్రీమతి ఫలానా’ అని వేయించాం. ఒక బంధువు తప్పన్నారు. నిజమేనా? (తెనాలి)

జవాబు: వ్యాకరణం ప్రకారం తప్పు లేదు, అన్వయంలో చిక్కుంది. ఇంగ్లీషులో ముందున్న విశేషణం ‘అండ్’తో కలిసిన రెండు పేర్లకూ వర్తించవచ్చు. ‘ఓల్డ్ మెన్ అండ్ విమెన్’ అంటే ఆడవాళ్లు కూడా ముసలివాళ్లేనా అని అడిగినట్టే, ఇక్కడా అమ్మగారి గురించి సందేహం రావచ్చు. శుభలేఖలో అలాంటి సందేహానికి చోటెందుకు? పేర్ల వరస మార్చండి: ‘శ్రీమతి ఫలానా అండ్ ద లేట్ శ్రీ ఫలానా’. ఇప్పుడు ‘లేట్’ ఒక్క పేరుకే అతుక్కుంటుంది. ‘ద’ వదిలేయడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. కార్డు మీద ఫర్వాలేదు కానీ వాక్యంలో మాత్రం ‘ద లేట్’ అనో ‘మై లేట్ ఫాదర్’ అనో ఉండాలి. తెలుగు వైపు ‘కీ.శే.’ ఎలాగూ ఉంటుంది.

దరఖాస్తు ఫారాల సంగతి వేరు. తండ్రి పేరు గడిలో పేరు మాత్రమే రాయండి. ‘లేట్’ కూడా రాస్తే కంప్యూటర్లోకి అది పేరులో భాగంగానే ఎక్కుతుంది. తర్వాత పాన్ కార్డుతోనో, పదో తరగతి మార్కుల జాబితాతోనో సరిచూసినప్పుడు పేర్లు కలవవు, దిద్దుబాటు కోసం మళ్లీ తిరగాలి. తండ్రి లేరని తెలపాల్సిన చోట ఫారంలోనే అందుకు వేరే గడి ఉంటుంది. లేకపోతే వాళ్లకు ఆ సంగతి అవసరం లేదన్నట్టే.

ప్రశ్న: ‘మై ఫాదర్ ఈజ్ లేట్’ అంటే చనిపోయారని అర్థం రాదా? (ఖమ్మం)

జవాబు: రాదు. నాన్నగారు చెప్పిన వేళకు రాలేదని అర్థం వస్తుంది. 15వ శతాబ్దిలో ఇంగ్లీషులోకి వచ్చిన ఈ ‘దివంగత’ అనే అర్థం, నామవాచకానికి ముందు నిలిచినప్పుడే పలుకుతుంది. క్రియ తర్వాత పెడితే ఆలస్యమే. చనిపోయారని చెప్పడానికి ‘మై ఫాదర్ ఈజ్ నో మోర్’ అనడం మనకు అలవాటు, అర్థమూ అవుతుంది. మామూలుగా మాత్రం ‘మై ఫాదర్ డైడ్ ఇన్ 2015’, కాస్త మెత్తగా చెప్పాలంటే ‘పాస్డ్ అవే’. ఒక వింత ఏమిటంటే, దక్షిణ ఆఫ్రికా, బోట్స్వానా ఇంగ్లీషులో ‘హి ఈజ్ లేట్’ అంటే నిజంగానే చనిపోయాడని. అక్కడ ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు మీటింగుకి రాని సహోద్యోగి గురించి ఆ మాట అనే ముందు ఒక్క క్షణం ఆగాలి.

విలేకరుల కోసం ఇంకొకటి. ‘ద లేట్ పి.వి. నరసింహారావు 1991 జూన్ 21న ప్రమాణస్వీకారం చేశారు’ అని రాయకూడదు. ఆయన మరణించింది 2004 డిసెంబరులో. ప్రమాణస్వీకారం చేసిన రోజున ఆయన ‘లేట్’ కాదు కదా. తెలుగులో ‘దివంగత’ వాడినా ఇదే పట్టింపు. ఆ మనిషి బతికుండగా చేసిన పని చెప్పేటప్పుడు ఆ మాట తీసేయాలి. ఇక ఎప్పటివరకు ‘లేట్’ అనాలి అంటే దానికి గీత లేదు, ఎరిగినవాళ్లు బతికున్నంత కాలం అనుకోండి. ‘లేట్ అశోకుడు’ అంటే నవ్వుతారు.

ప్రశ్న: ‘ఐ గాట్ లేట్’ సరైనదేనా? (వరంగల్)

జవాబు: ‘నాకు లేటైంది’ అన్న తెలుగు వాక్యం ఇంగ్లీషు బట్టలు కట్టుకుంది, అంతే. ‘ఐ యామ్ లేట్’, ‘ఐ వాజ్ డిలేడ్’ అనండి. పొద్దుపోతోందనడానికి ‘ఇట్స్ గెటింగ్ లేట్’. ‘లేట్ చేయకు’ అనడానికి ‘డోంట్ డూ లేట్’ కాదు, ‘డోంట్ బీ లేట్’. ఎంత ఆలస్యమో ముందు చెప్పాలి: ‘టెన్ మినిట్స్ లేట్’. రైల్వే స్టేషన్లో వినిపించే ‘లేట్ బై టెన్ మినిట్స్’ కూడా సరైనదే. ‘లేట్ టెన్ మినిట్స్’ మాత్రం కుదరదు.

ప్రశ్న: ‘హి కేమ్ లేట్లీ’ అని మా అబ్బాయి రాస్తే మార్కు కోశారు. క్రియావిశేషణానికి ‘లీ’ చేర్చాలి కదా? (గుంటూరు)

జవాబు: టీచరు కోసింది న్యాయమే. ‘లేట్’ విశేషణంగానూ క్రియావిశేషణంగానూ అదే రూపంలో నిలుస్తుంది: ‘హి కేమ్ లేట్’. ‘లేట్లీ’ అంటే ‘ఈ మధ్య’. అదీ ‘హావ్’ ఉన్న వాక్యంలో ఎక్కువగా ఇముడుతుంది: ‘ఐ హావెంట్ సీన్ హిమ్ లేట్లీ’. ఒక్కసారి జరిగి ముగిసిన పనికి ‘రీసెంట్లీ’ వాడాలి: ‘వీ బాట్ ఎ స్కూటర్ రీసెంట్లీ’. రెండూ కలిసే వాక్యం ఒకటి రాయించండి, బాగా గుర్తుంటుంది: ‘హి హాజ్ బీన్ వర్కింగ్ లేట్ లేట్లీ’. ఈ మధ్య పొద్దుపోయేదాకా పనిచేస్తున్నాడని అర్థం.

ప్రశ్న: చరిత్ర పుస్తకంలో ‘లేటర్ చాళుక్యాస్’ అని ఉంది. ‘లేట్’ అంటే సరిపోదా? (కర్నూలు)

జవాబు: సరిపోదు. ‘లేటర్ చాళుక్యాస్’ అంటే బాదామి వంశం తర్వాత, 10వ శతాబ్ది చివర్లో లేచిన కల్యాణి చాళుక్యులు. ‘లేట్ చాళుక్య’ అంటే ఒక చాళుక్య పాలన చివరి దశ. 1213 నాటి రామప్ప గుడిని ‘లేట్ కాకతీయ’ అనలేం, ఆ తర్వాత కాకతీయులు ఇంకో 110 ఏళ్లు ఏలారు. వయసులోనూ అదే లెక్క: ‘లేట్ ఫార్టీస్’ అంటే 47 నుంచి 49. ఇక రెండు ‘టి’లతో రాసే ‘లాటర్’ వేరే మాట. చెప్పిన రెండింటిలో రెండోది అని దానర్థం. మూడు చెప్పి ‘లాటర్’ అనకూడదు, ‘లాస్ట్’ అనాలి.

ప్రశ్న: ‘లేట్ బ్లైట్’ అంటే పంట చివర్లో వచ్చే తెగులేనా? టొమాటో ఇంకా లేతగానే ఉంది. (మదనపల్లె)

జవాబు: పేరు నమ్మి ధీమాగా ఉండకండి. ‘ఎర్లీ బ్లైట్’ అనే మరో తెగులు నుంచి వేరు చేయడానికి పెట్టిన పేరది. చల్లగా, తేమగా ఉంటే లేత మొక్కకూ వస్తుంది. పేరు చూసి కాదు, ఆకు చూసి పోల్చుకోండి. కింది ముదురు ఆకుల మీద ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలున్న గోధుమరంగు మచ్చలు ఎర్లీ బ్లైట్‌వి. నీరు పట్టినట్టు ముదురు మచ్చలు పడి, ఆకు అడుగున తెల్లటి బూజు కనిపిస్తే లేట్ బ్లైట్. ఇది కొద్ది రోజుల్లోనే మడినంతా మాడ్చేస్తుంది. 1845లో మొదలై ఐర్లండ్ బంగాళదుంప పంటను తుడిచిపెట్టింది ఇదే. మామిడిలో నీలం రకాన్ని ‘లేట్ వెరైటీ’ అనడం మాత్రం అక్షరాలా నిజం, బంగినపల్లి అయిపోయాకే అది కోతకొస్తుంది.

ప్రశ్న: ఆఫీసు నోటీసులో ‘లేటెస్ట్ బై 5 పీఎం’ అని రాయవచ్చా? (విజయవాడ)

జవాబు: మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, బయటివాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘బై 5 పీఎం ఎట్ ద లేటెస్ట్’ అని రాయండి. లేదా ఒట్టి ‘బై 5 పీఎం’ అన్నా చాలు, గడువు అదేనని తెలిసిపోతుంది.