తమ్ముడూ, ముందు మరదలి కుట్టుమిషన్‌కు నూనె వేయి

బైరాగిపట్టెడ,
తిరుపతి.

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నిన్న రాత్రి ఫోన్‌లో "బాగానే ఉన్నానక్కా" అన్నావు. నీ మాట వెనకాల టీవీ గట్టిగా మోగుతోంది. ఏం చూస్తున్నావని అడిగితే చెప్పలేకపోయావు. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మీ బావ పోయిన కొత్తలో నేనూ అట్లాగే టీవీ పెట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఇంట్లో మనిషి గొంతు వినపడితే చాలు, వాళ్ళేం మాట్లాడుతున్నారో అక్కర్లేదు. ఫోన్‌లో చెబితే "సరేలే అక్కా" అని తప్పించుకుంటావు. అందుకే రాస్తున్నాను. రెండు రోజులు పట్టినా సరే, తీరిగ్గా చదువు.

మరదలు పోయి అయిదు నెలలు. దిగులు మానుకోమని చెప్పడానికి రాయలేదు నేను. ముప్పై నాలుగేళ్ళ కాపురం. దిగులు లేకపోతే ఎట్లా? నేను చెప్పేది ఒకటే. రేపు పొద్దున నీ కోసం ఏదో ఒకటి కాచుకుని ఉండేట్టు చూసుకో. నువ్వు నీళ్ళు పోయకపోతే వాడిపోయే మొక్క కావచ్చు, నువ్వు రాకపోతే "ఏమైందబ్బా" అని ఫోన్ చేసే మనిషి కావచ్చు, సగంలో ఆగిన పని కావచ్చు. ఈ పదకొండేళ్ళలో నన్ను నిలబెట్టినవన్నీ అట్లాంటివే. ఊరికే పొద్దుపోవడానికని మొదలుపెట్టినవి ఒక్కటీ నిలవలేదు. పెయింటింగ్ క్లాసుకు ఇరవై రోజులు పోయాను. ఆ రంగుల డబ్బాలు ఇంకా అటక మీదే ఉన్నాయి. ఎవరో చెబితే పార్కులో నవ్వుల క్లబ్బుకు పోయాను. అందరూ చేతులు పైకెత్తి గట్టిగా నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది, నాలుగో రోజు నుంచి పోలేదు. నువ్వు కూడా రెండు మూడు మొదలుపెట్టి వదిలేస్తావు. వదిలెయ్యి. అది ఓడిపోవడమేమీ కాదు, చెప్పు కాలికి సరిపోలేదు, అంతే.

నాకు మొదటిసారి మనసు తేలికపడిన రోజు గురించి ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నా. మీ బావ 2014 ఆగస్టులో పోయారు కదా. ఆ మరుసటి ఏడు నవంబరులో వానలు విడవకుండా పడ్డాయి, నీకూ గుర్తుండే ఉంటుంది. ఒకరోజు వాన కాస్త తెరిపి ఇస్తే పక్కింటావిడ "కపిలతీర్థంలో నీళ్ళు దూకుతున్నాయంట, పోదాం రా" అని ఆటో ఎక్కించింది. కొండ మీద నుంచి ఎర్రటి నీళ్ళు కోనేట్లో పడుతున్నాయి. గొడుగు పట్టుకుని నిలబడ్డాను. గాలికి తుంపరలు మొహాన కొడుతున్నాయి. పక్కన ఒక చిన్నపిల్ల ప్రతిసారీ నోరు తెరిచి ఆ తుంపరను పట్టుకోవాలని చూస్తోంది. నాకు తెలియకుండానే నేనూ నోరు తెరిచాను. ఆ పిల్ల చూసి నవ్వింది, నేనూ నవ్వాను. పావుగంట అట్లా ఉన్నాను. ఆ పావుగంటా ఆయన లేరన్న సంగతి గుర్తుకు రాలేదు.

ఇంటికొచ్చాక మొదలైంది బాధ. అంత సులభంగా ఎట్లా మర్చిపోయానని ఆయన ఫోటో ముందు కూర్చుని ఏడ్చాను. ఇది నీకూ వస్తుంది తమ్ముడూ, తప్పదు. ఏదో ఒకరోజు ఫ్రెండుతో మాట్లాడుతూ గట్టిగా నవ్వుతావు, ఆ రాత్రి మనసు పీకుతుంది. ఆ రాత్రి కోసం ఇప్పుడే చెప్పి ఉంచుతున్నా. నువ్వు నవ్వితే మరదలికి ద్రోహం చేసినట్టు కాదు. నువ్వు డ్యూటీ నుంచి మొహం వేలాడేసుకుని వస్తే, నవ్వించేదాకా ఊరుకున్న మనిషేనా ఆమె?

మనిద్దరి కష్టం ఒకటే అయినా లోకం మనతో ఒక్కలాగ లేదు. నేను మిద్దె మీద పెంచుకున్న మల్లెలు నేనే తలలో పెట్టుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. పెట్టుకున్న రోజు మన బంధువుల్లోనే ఒకామె "ఈ వయసులో ఇప్పుడివెందుకు" అంది. పూలూ బొట్టూ చిన్నప్పుడు అమ్మ పెట్టినవి, మీ బావతో వచ్చినవి కావు, ఆయనతో పోవు అని చెప్పాను. ఈరోజుకీ పెట్టుకుంటున్నా. నిన్నయితే ఏదీ వద్దనేవాళ్ళు లేరు. కానీ నీకేం కావాలో అడిగేవాళ్ళూ లేరు. మగవాడు కదా, బయట తిరుగుతాడు, మర్చిపోతాడు అనుకుంటారు. పది రోజులు క్యారియర్లు పంపించి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. వాళ్ళ మీద కోపం పెట్టుకోకు, అడిగే బాధ్యత ఇకమీద నీదే. "ఈ పూట మీ ఇంట్లో తింటాను" అని నోరు తెరిచి అడుగు, ఎవరూ కాదనరు.

పొద్దున కాఫీ సంగతి. హోటల్‌కు పోయి తాగుతున్నావని అబ్బాయి చెప్పాడు. పోవడం మంచిదే, నలుగురు కనపడతారు. కానీ పొద్దున మొదటిది మాత్రం ఇంట్లోనే తాగు. ఫిల్టర్ పైగిన్నెలో మూడు స్పూన్ల పొడి వేసి, గొడుగులాంటి ఆ బిళ్ళతో మెల్లగా సర్దు, గట్టిగా అదమకు. నీళ్ళు తెర్లాక స్టవ్ ఆపి ఒక్క నిమిషం ఉండి పొయ్యి. మూత పెట్టి మర్చిపో. పావుగంటకు డికాక్షన్ దిగుతుంది. పాలు పొంగుతుంటే పక్కనే నిలబడు, ఫోన్ చూస్తూ నిలబడితే స్టవ్ కడుక్కోవాల్సి వస్తుంది. ఇక ముఖ్యమైంది. రెండు గ్లాసులే కలుపు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో రెండు గ్లాసులే కలిపారు, ఒక్క గ్లాసుకు కొలత నీ చేతికి రాదు, వచ్చిన రోజు ఇంకా బాధగా ఉంటుంది. రెండోది కింద వాచ్‌మన్‌కు ఇయ్యి. వారం రోజులు ఇస్తే ఎనిమిదో రోజు ఆయనే నీ కోసం చూస్తాడు. నేను పూలమ్మే అవ్వకు ఇస్తాను. నేను ఊరెళ్తే ముందురోజే చెప్పి పోవాలి, లేకపోతే కోప్పడుతుంది.

ఇప్పుడు మిషన్ సంగతి. దీని గురించే అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మరదలి కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేశావని, దాని కింద మరదలు సగం కుట్టిన ఎదురింటావిడ జాకెట్టు సూది కిందే ఉండిపోయిందని పాప చెప్పింది. ఎదురింటావిడ మొహమాటానికి అడగడం లేదు, నువ్వు ఇవ్వడం లేదు.

ఆ దుప్పటి తీయి తమ్ముడూ. ముప్పై ఏళ్ళు డిపోలో బస్సు ఇంజన్లు విప్పి బిగించినవాడివి, నీకు చెప్పేదాన్ని కాదు, కానీ మిషన్ చిన్న వస్తువు, దాని పద్ధతి వేరు. సూది పైకి వచ్చేదాకా చక్రాన్ని చేత్తో నీ వైపుకు తిప్పు. గుడ్డను నొక్కి పట్టే పాదం ఎత్తి, దారం కత్తిరించి, జాకెట్టును మెల్లగా ఇవతలికి తీసి మడిచి పెట్టు. తర్వాత మిషన్ తల వెనక్కి వాల్చి అడుగున చూడు. సూది కింద పళ్ళ మధ్యన నూలు పీచు ఉంటుంది, రంగురంగులది, ఆమె కుట్టిన జాకెట్లన్నింటిదీ. పాత బ్రష్‌తో దాన్ని తీసెయ్యి. తీసేటప్పుడు ఏడుపొస్తే ఏడువు, పని మాత్రం ఆపకు. నూనె వేసే రంధ్రాల్లో ఒక్కొక్క చుక్క వెయ్యి. కొబ్బరినూనె మాత్రం వేయకు, అది గట్టిపడి మిషన్ పట్టేస్తుంది. మిషన్ నూనె అనే అడిగి తెచ్చుకో. దారం లేకుండా రెండు నిమిషాలు తొక్కు. ఆ చప్పుడు ఇంట్లో మళ్ళీ వినపడుతుంది. మొదట గుండె ఝల్లుమంటుంది, నేను ముందే చెబుతున్నా. తర్వాత ఒక పాత గుడ్డ మీద కుట్టు వేస్తే ఎక్కువైన నూనె అంతా దానికి అంటుకుంటుంది. తోలు బెల్టు ఇన్ని నెలలు తిరగకుండా ఉంది కదా, పగుళ్ళు వచ్చాయేమో చూసుకో.

నువ్వు జాకెట్లు కుట్టాలని కాదు. మీ వీధిలో ఎన్ని ఇళ్ళల్లో మిషన్లు మూలపడి ఉన్నాయో లెక్కపెట్టు. దారం తెగుతోందనో, కుట్టు దాటేస్తోందనో పక్కన పెట్టేసి ఉంటారు. సగం వాటికి కావాల్సింది కొత్త సూది, కాస్త నూనె, అంతే. నీ చేతులకు పని తెలుసు. రిటైరై రెండేళ్ళయింది, ఆ చేతులు ఖాళీగా ఉన్నాయి. డబ్బులు తీసుకోకు, ఒక గ్లాసు మజ్జిగ తాగి రా. నెల తిరిగేసరికి "అన్నా, మా మిషన్ కూడా చూడు" అని వాళ్ళే వస్తారు.

సాయంత్రం ఆరు గంటల వేళ చెడ్డది. పగలు ఎట్లాగో గడుస్తుంది, రాత్రి నిద్రమాత్ర లేకపోయినా కళ్ళు మూతపడతాయి, ఈ దీపాలు పెట్టే వేళే మనిషిని నమిలేస్తుంది. ఆ వేళకు ఇంట్లో ఉండకు. నేను అన్నమాచార్య కళామందిరంలో కచేరీలకు పోవడం అట్లాగే మొదలైంది. వెనక వరుసలో కూర్చునేదాన్ని. తర్వాత నాలాంటివాళ్ళు అయిదారుగురం కలిసి ఒక టీచరమ్మ దగ్గర సంకీర్తనలు నేర్చుకోవడం మొదలుపెట్టాం. అన్నమయ్య 1408లో పుట్టి 1503 దాకా బతికి పాడుతూనే ఉన్నాడు, అరవై ఏళ్ళకు నాకేం వయసైపోయిందని అనుకున్నాను. ఆయన పాటలు రాగిరేకుల మీద చెక్కి కొండ మీద గుడిలో ఒక గదిలో పెడితే, అవి బయటికొచ్చి మళ్ళీ జనం నోట పడడానికి వందల ఏళ్ళు పట్టింది. నాకు ఒక్క కీర్తన పల్లవి పట్టుబడడానికి మూడు వారాలు పట్టింది. మంగళవారం, శుక్రవారం క్లాసు. జ్వరమొస్తే తప్ప మానను.

నీకు పాట అక్కర్లేదు, నీకు భారతం ఉంది. ఎండాకాలం వస్తోంది. మన ఊళ్ళో ధర్మరాజుల గుడి దగ్గర భారతం మొదలవుతుంది. పదో క్లాసులో నువ్వు పుస్తకాలు పక్కన పడేసి రాత్రంతా వీధినాటకం చూసి, తెల్లారి మేకలు తోలుకుపోతూ దుర్యోధనుడి పద్యాలు గొంతెత్తి పాడేవాడివి. నాయన కొట్టినా మానలేదు. పెళ్ళయ్యాక, డ్యూటీలో పడ్డాక ఎన్నిసార్లు పోయావు? నాకు తెలిసి రెండుసార్లు. ఈసారి పో. మధ్యాహ్నం హరికథకు కూర్చో, రాత్రి నాటకం చూడు. అర్జునుడి వేషం కట్టినాయన తపస్సుమాను, అదే ఆ ఎత్తైన మాను, ఎక్కే రోజు, పిల్లలు పుట్టాలని కింద కొంగు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళ మొహాలు చూడు. పైనుంచి నిమ్మకాయ వచ్చి ఒకామె ఒళ్ళో పడితే చుట్టూ ఉన్నవాళ్ళంతా ఎట్లా సంతోషపడతారో చూసి ఎన్నేళ్ళయింది నీకు? ఏడాది దాకా గుడికి పోకూడదని ఎవరన్నా అంటే గుడి లోపలికి పోవద్దు. మైదానంలో చాప వేసుకుని కూర్చోవడానికి ఏ అడ్డూ లేదు. నాటకం వేసేవాళ్ళలో నీ వయసువాళ్ళు ఉంటారు, పోయి పలకరించు. పద్యాలు ఇంకా నోటికి వస్తున్నాయో లేదో ఇంట్లో ఒకసారి పాడి చూసుకో.

మొక్కల గురించి ఎక్కువ రాయను. ఒక్క కుండీలో పుదీన పెట్టు చాలు. ఎండలకు రెండు పూటలా నీళ్ళు కావాలి, ఆ వంకతో మిద్దె ఎక్కుతావు.

ఇంకొకటి, నొచ్చుకోకు. రాత్రిళ్ళు ఫ్రెండ్స్‌తో కూర్చుంటున్నావని విన్నాను. ఎప్పుడో ఒకరోజు సంగతి వేరు. నిద్ర కోసమని రోజూ మొదలైతే అది నిద్రనే పాడుచేస్తుంది. నెలలు గడుస్తున్నా తిండి సయించకపోయినా, నిద్ర లేకపోయినా, బతికి ఏం లాభం అన్న ఆలోచన వచ్చినా నాతో చెప్పు. ఏ అర్ధరాత్రైనా నేను ఫోన్ ఎత్తుతాను. నాతో చెప్పలేకపోతే 14416కు చెయ్యి. టెలి మానస్ అని సర్కారు పెట్టింది, డబ్బులు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ ఉంటారు, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి పోవడానికి సిగ్గుపడకు. షుగర్‌కు పోవడం లేదా, ఇదీ అట్లాంటిదే.

మరదలి చీరలు, సామాను ఎవరికైనా ఇచ్చేయమని చెప్పేవాళ్ళుంటారు. తొందరేం లేదు. మీ బావ చెప్పులు నా గుమ్మం దగ్గర మూడేళ్ళు ఉన్నాయి.

వచ్చే ఆదివారం తిరుపతి నుంచి మొదటి బస్సుకే వస్తాను. మిషన్‌కు నూనె వేసి ఉంచు, జాకెట్టుకు సరిపోయే దారం మరదలి డబ్బాలోనే ఉంటుంది, వెతికి పెట్టు. మిగిలిన కుట్టు నేను వేస్తాను. ఇద్దరం కలిసి పోయి ఎదురింటావిడకు ఇచ్చొద్దాం. చెనిక్కాయల ఊరిబిండి చేసి తెస్తాను, సంగటి అక్కడే కెలుకుదాం. కాఫీ మాత్రం నువ్వే పెట్టాలి. నాకు చక్కెర వద్దు.

ఇట్లు,
మీ అక్క